ముత్తేలు ఫోటోకి థూ థూ

రెండువేల ఎనిమిది, వానాకాలం. మద్దిలపాలెం డిపో ఎదురు సందులో షానవాజ్ నడిపే ఇంటర్నెట్ సెంటర్. సబ్బవరం నుంచి బస్సు దిగి వచ్చిన గంగాలమ్మ కొంగులో ఉప్పు, ఎండుమిరపకాయలు మూటగట్టుకుని కంప్యూటర్ ముందు నిలబడింది.

"పిన్నీ, ఆ ఉప్పు కీబోర్డు మీద పడితే మీటలు పనిచెయ్యవు. కొంచెం దూరంగా తిప్పు."

"దూరంగా తిప్పితే దిష్టి ఎలాగ దిగుతాది బాబూ? నువ్వు లెగు. కుర్సీ అటు జరుపు."

"అసలు గేదె ఇక్కడ లేదు కదా. సబ్బవరంలో ఉంది. తిప్పితే అక్కడ తిప్పాలి."

"అక్కడ తిప్పేను. రోజూ తిప్పేను. ఏటీ అవ్వలేదు. సూసినోలు ఇందులోంచి సూసేరట గదా. ఆలు సూసిన దోవలోనే తియ్యాల."

"ఎవరు చెప్పేరు నీకు?"

"మా అక్క కూతురు ఆశ. కాలేజీలో సదువుతన్నాది. మద్దిలపాలెంలో షానవాజని ఒకడున్నాడు, ఆడు మన ముత్తేలు ఫోటో ఆర్కుట్లో ఎట్టేడు, దేశదేశాలోలు సూత్తన్నారు అన్నాది. ఆ షానవాజువి నువ్వేనా?"

"నేనే."

"ఎప్పుడు తీసేవు?"

"ఎండాకాలంలో. మా ఫ్రెండు కన్నబాబు వాళ్ళింటికి సబ్బవరం వచ్చేను. దారిలో బండి పంచరైంది. రోడ్డు పక్క బురదగుంటలో నీ గేదె పడుకునుంది. ఎండ పడి ఒళ్ళంతా మెరుస్తంది. చేతిలో కొత్త కెమెరా. తీసేను. అంతే."

"ఎవుర్నడిగి తీసేవు?"

"అక్కడ ఎవరూ లేరు పిన్నీ."

"గేదున్నాది గదా."

"గేదెని అడగాలా?"

"అడిగుంటే తల తిప్పీసును. దానికి ఇష్టం లేదని నీకే తెలిసును. ఎవులింటి ఆడపిల్లయినా నీల్లోసుకుంటంటే ఫోటో తీత్తావా?"

"ఛ. తియ్యను."

"మరి ముత్తేలు అప్పుడేటి సేత్తన్నాది?"

"బురదలో ఉంది."

"నీల్లోసుకుంటన్నాది."

"సరే పిన్నీ, తప్పు నాదే. ఇదిగో, ఇప్పుడే తీసేస్తాను. ఇక్కడ నొక్కితే..."

"ఒగ్గీ. నొక్కకు. సెయ్యి తియ్యి దాని మీంచి."

"నువ్వే కదా తియ్యమంటన్నావు."

"దిష్టి తియ్యమన్నాను గానీ ఫోటో తియ్యమన్నానేటి? ఫోటో తీసీత్తే సూసినోలందరూ ఎటోలు అటు ఎల్లిపోతారు. దించకుండా ఎల్లిపోతే మల్లీ ఎక్కడ పట్టుకుంటావు ఆలని?"

"మరేం చెయ్యమంటావు?"

"ఎవులేటన్నారో సదువు. నాకు సదువు రాదు."

"ఈ కామెంట్లన్నీనా? సరే. మొదటిది, 'నైస్ బఫెలో.'"

"అంటే?"

"గేదె బాగుందని."

"థూ థూ. ఎవుడాడు?"

"రాజమండ్రి అబ్బాయి. కువైట్లో పనిచేస్తాడు."

"బాగుందని, ఎంటనే థూ అన్నాడా?"

"అలా ఏం రాయలేదు."

"అదీ. పాలిచ్చీదాన్ని బాగుందన్న నోటితోనే థూ అనాల. మా ఈదిలో సిన్నపిల్లలకి కూడా తెలుసు ఈ మర్యాద. ఇంకోటి సదువు."

"'సూపర్. రోజుకి ఎన్ని లీటర్లు ఇస్తుంది?'"

"ఎన్ని లీటర్లని అడిగేడా?"

"అడిగింది. అమ్మాయి. హైదరాబాద్."

"అమ్మాయై ఉండి అడిగిందా. మా అత్త ఉన్నప్పుడు ఆ మాట అడిగినోల్ని సెంబుచ్చుకుని తరిమీది. నువ్వేటి రాసేవు దానికి?"

"నాకేం తెలుసు పిన్నీ. పదిచ్చుద్దేమో అని రాసేను."

"పదా. పదెప్పుడిచ్చింది బాబూ అది? నువ్వు పదన్నావు, ఇప్పుడు గ్లాసుడికి దిగిపోనాది."

"గ్లాసుడేనా?"

"దూడ తాగ్గా మిగిలింది గ్లాసుడు. ఓటేలు రమణమూర్తి గారు ఇన్నాల్లూ నా పాలతోనే టీ కాసీవోరు. ఇప్పుడు ప్యాకెట్లు తెత్తన్నారు. నన్ను సూసి మొకం అటు తిప్పుకుంటన్నారు, నానేదో నీల్లు కలిపినట్టు."

"డాక్టరుకి చూపించేవా?"

"సూపించేను. రోగం లేదన్నాడు. మేత తింటన్నాది, కుడితి తాగుతన్నాది. దూడకైతే దింపుతన్నాది. నాను సెంబట్టుకుని కూకుంటే మాత్రం సేపదు. పొదుగులో పాలెట్టుకుని, రాయిలాగ నిలబడి, రోడ్డుకేసి సూత్తాది."

"రోజూ నువ్వే పితుకుతావా?"

"ఇప్పుడు నానే."

"మరి ఇదివరకు?"

"నువ్వు సదువు ముందు. కబుర్లాడకు."

"చదవడం కాదు పిన్నీ, ముందు ఆ దిష్టి సంగతి తేల్చు. ఒక పని చేస్తాను. ఫోటో కింద రాస్తాను. 'అందరికీ మనవి. ఈ గేదె గలవాళ్ళు చాలా బాధలో ఉన్నారు. దయచేసి అందరూ ఒకసారి థూ అనండి.'"

"మూడుసార్లు."

"'మూడుసార్లు థూ అనండి.' రాసేసేను."

"అన్నారా?"

"కొంచెం ఆగాలి. అదిగో, కువైట్ అబ్బాయి. 'థూ థూ థూ.' పక్కన నవ్వు బొమ్మ పెట్టేడు."

"నవ్వుతా అంటే పన్సెయ్యదు. మల్లీ అనమను."

"అనమన్నాను. 'సారీ ఆంటీ. థూ థూ థూ.' ఈసారి నవ్వలేదు."

"మంచి పిల్లోడే. పెంపకం ఉన్నాది. ఆ లీటర్ల పిల్ల ఏటన్నాది?"

"'ఛీ, ఇదేం పిచ్చి' అంది."

"ఛీ అన్నా సెల్తాది. రాసుకో."

"ఇదిగో, ఇక్కడొకాయన గొడవకొచ్చేడు. కాకినాడ. 'నా మొహాన ఉమ్మమంటావా' అంటన్నాడు."

"ఆయన మొకాన కాదు, గేది మొకాన అని సెప్పు. మర్యాదగా సెప్పు, పెద్దోడేమో."

"చెప్పేను. 'అయితే సరే, థూ' అన్నాడు. ఒక్కసారే అన్నాడు."

"సాల్లే, బతిమాలకు. ఇంకెవులున్నారు?"

"ఇంకొకడున్నాడు గానీ చదవను. నువ్వు బాధపడతావు."

"సదువు."

"మర్యాద లేని మనిషి పిన్నీ."

"సదువు బాబూ."

"'ఇది కూడా ఒక గేదేనా. కొమ్ము వంకర. డొక్కలు ఎండిపోయినాయి. దీన్ని ఫోటో తీసినోడికి బుద్ధి లేదు.'"

"మల్లీ సదువు."

"తిట్టేడు పిన్నీ."

"తిట్టలేదు. అంతమంది బాగుంది బాగుంది అంటంటే, ఒక్కడే ఒక్కడు దిష్టి తగలకుండా అడ్డం నిలబడ్డాడు. అదీ మర్యాదంటే. తెలిసినోడు. మల్లీ సదువు."

"'ఇది కూడా ఒక గేదేనా. కొమ్ము వంకర. డొక్కలు ఎండిపోయినాయి.' చాలా?"

"రోజూ రాత్తన్నాడా?"

"రోజూనే. ఎవరైనా మెచ్చుకుంటే చాలు, కింద ఇతని తిట్టు ఉంటుంది. 'తోకకి ఎంట్రుకలు లేవు.' 'దీని నడక సూత్తే నవ్వొత్తాది.' 'దీనికి నిద్దరెక్కువ, పనిలేదు.' నేను రెండుమూడుసార్లు ఇతన్ని తీసేద్దామనుకున్నాను."

"తీసీకు."

"తియ్యలేదులే. మీ సబ్బవరంలో కాంట్రాక్టరు నరసింహమూర్తి గారని ఎవరైనా ఉన్నారా? ఆయన 'ఈ గేదె అమ్ముతారా' అని అడిగేరు. దాని కిందైతే ఇతను పెద్ద పేరా రాసేడు."

"ఆరే. ఆదివారం సూడ్డానికి వత్తానన్నారు."

"అమ్మేస్తన్నావా?"

"పాలియ్యందాన్ని ఏటి సేసుకోను? పొద్దున్న లెగిసి గడ్డి నానే కొయ్యాల, నీల్లు నానే ఎట్టాల, పేడ నానే తియ్యాల. ఒక్కదాన్ని..."

"ఒక్కదానివా? ఇంట్లో ఎవరూ లేరా?"

"ఆ పేరాలో ఏటి రాసేడో సదువు."

"'అయ్యా, మీరు దీన్ని కొనకండి. ఇది తన్నుబోతుది. ఎడంపక్క కూకుంటే తంతాది. కుడి సెవి ఎనకాల గోకాల. గోకుతా కబుర్లు సెప్పాల. ఊర్లో ఎవులింట్లో పెల్లి కుదిరింది, ఎవులు కొత్త మోటారు కొన్నారు, ఎవుల కోడలు అలిగింది, అన్నీ సెప్పాల. అప్పుడుగాని సేపదు. కబుర్లు సెప్పకుండా కూకుంటే గ్లాసుడు కూడా ఇయ్యదు. మీరు పెద్దోలు, మీకు అంత తీరిక ఎక్కడుంటాది.' అయిపోయింది. ఏం పిన్నీ, కళ్ళు తుడుచుకుంటన్నావు?"

"ఏటీ లేదు. ఈ ఫేను గాలి కంట్లో కొడతన్నాది."

"ఫేను ఆగిపోయి చాలాసేపైంది. కరెంటు లేదు, కంప్యూటరు బ్యాటరీ మీద నడుస్తంది."

"అయితే మిరపకాయ ఘాటు. ఇంకేటైనా రాసేడా?"

"చివర్న ఒకటుంది. అది నీ గురించి. 'దీని యజమానురాలికి కూడా ఇదే పొగరు. మాటాడకపోతే మాటాడదు. మాటాడితే ఆపదు.' ఇది కూడా మర్యాదేనా?"

"అది... నాకు దిష్టి తగలకుండా గావాల."

"పిన్నీ, నువ్వూ గ్లాసుడన్నావు, ఇతనూ గ్లాసుడే అన్నాడు. ఇతనికి ఎలా తెలుసు? పేరు గణేష్ అని ఉంది. ఊరు భీమిలి. బస్టాండు దగ్గర నెట్ సెంటరట, నాలాగే."

"మా ఆడపడుసు కొడుకు."

"చుట్టమా. మరి గేదెల గురించి బాగానే తెలుసే ఇతనికి."

"ఆడికేటి తెలుసు? ఆడు గేది కనపడితే గోడెక్కుతాడు."

"అయితే ఎవరు చెప్తే రాస్తన్నాడు ఇదంతా?"

"నాకేటి తెలుసు."

"ఇప్పుడు ఆన్లైన్లోనే ఉన్నాడు. అడగనా?"

"వద్దు."

"అడిగేసేను."

"నువ్వు అడగాల్సినప్పుడు అడక్కుండా ఫోటో తీత్తావు. వద్దన్నప్పుడు అడుగుతావు. ఏటన్నాడు?"

"'మా పోలిరాజు మావయ్య పక్కనే కూర్చున్నాడు. రోజూ వచ్చి ఆ ఫోటో తెరిపిస్తాడు. ఎవరేం అన్నారో చదివించుకుని, తను చెప్పింది నాచేత రాయిస్తాడు. నాకు బేరాలు పోతున్నాయి. ఇంతకీ మీరెవరు?' ఏం రాయమంటావు?"

"గేది తరపు మనుసులని రాయి."

"రాసేను. పిన్నీ, పోలిరాజు ఎవరు?"

"మా ఆయన."

"మరి ఆయన భీమిలిలో ఎందుకున్నారు?"

"నానే ఎల్లగొట్టేను."

"ఎందుకు?"

"ఎందుకేటి. తెల్లారి లెగిసి ముత్తేలు కాడ కూకుని గంటలు గంటలు కబుర్లు సెప్తాడు. ఊర్లో సంగతులన్నీ దానికి సెప్తాడు. ఇంట్లోకొచ్చి కూకుంటే నోరిప్పడు. పక్కింటి దేముడమ్మ మనవరాలికి పెల్లి కుదిరిన సంగతి నాకు పాక ఎనకాల నిలబడి ఇంటేగాని తెలీలేదు. ఒకనాడు అడిగీసేను, నీకు నాను గావాలా గేది గావాలా అని."

"ఏమన్నారు?"

"ఆలోసించేడు."

"ఓహో."

"ఆ మాటకి ఆలోసిత్తాడా మనిసన్నోడు? గడపలో నిలబడి, గెడ్డం గోక్కుంటా ఆలోసించేడు. ఎల్లిపో అన్నాను. ఎల్లిపోయేడు. పోతా పోతా దాని సెవిలో కూడా ఏదో సెప్పి మరీ ఎల్లేడు."

"ఆగు పిన్నీ, రాస్తన్నాడు. 'గేది తరపు ఎవులు, గంగాలేనా, అని మావయ్య అడుగుతున్నాడు. పాలిత్తన్నాదా అని అడుగుతున్నాడు.'"

"బిందెలకి బిందెలు ఇత్తన్నాదని రాయి."

"అబద్ధం రాయనా?"

"రాయి."

"రాసేను. 'అయితే అమ్మడం ఎందుకు' అంటన్నారు."

"మోయలేక అమ్ముతన్నాను అని రాయి. ఆ పాలు మోయలేక."

"'ఎవుడు పితుకుతన్నాడు' అని అడుగుతన్నారు. కొంచెం కోపంగా ఉన్నట్టుంది, రెండుసార్లు రాయించేరు."

"నానే అని రాయి. నానేటి ఎవుడ్నో ఎట్టుకుంటానా?"

"'ఎడంపక్కన కూకుంటన్నావా' అట."

"...కుడిపక్క కూకోవాలని నాకెవులు సెప్పేరు? దానికి సెప్పినవన్నీ నాకు సెప్పేడా ఈయన? అదే రాయి. ఉన్నదున్నట్టు రాయి."

"రాసేను. ఏం రావట్లేదు. గణేష్ అంటన్నాడు, 'మావయ్య ఆలోచిస్తన్నాడు.'"

"మల్లీ ఆలోసనే."

"వచ్చింది, వచ్చింది. 'నరసింహమూర్తి వత్తే తడిక తియ్యకు. పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేత్తన్నాను. ఆ వేళ నాను ఆలోసించింది గేదా నువ్వా అని కాదు. నీకు సెప్పడానికి కబురేటుందా అని. అన్నీ దానికే సెప్పీసేను, ఒక్కటీ మిగల్లేదు. బీమిలిలో కొత్త కబుర్లు సాలా ఉన్నాయి. ముందు నీకే సెప్తాను.' జవాబు రాయాలా పిన్నీ?"

"దోవలో గడ్డి తెమ్మను."

"రాసేను. సరే, అందరిచేతా థూ అనిపించేం, మీ ఆయన కూడా వస్తన్నారు. ఇంక నిశ్చింతగా ఆ ఉప్పు తిప్పేసుకో, దిష్టి కూడా వదిలిపోతుంది."

"దిష్టేటి లేదు బాబూ, పాలు నీ ఫోటోకి ముందే ఆగిపోనాయి. బీమిలి నుంచి ఎవుడో రోజూ మన ముత్తేలుని తిడతన్నాడని ఆశ సెప్పింది, ఆ తిట్లు ఒకపాలి ఇందామని వచ్చేను."