ఇరవై ఆరో గుండీ

దర్జీ మిషను తొక్కుతూనే గుమ్మం వైపు చూశాడు. పోయిన పరుగుపందెంలో లెక్క తప్పి ఒక చుట్టు ముందే ఆగిపోయిన కూతురు, ఇవాళ కూడా ఓడితే పరుగు మానేసి కుట్టుపనిలో కూర్చుంటానని మాటిచ్చి వెళ్లింది.

“నాన్నా, నాకెన్ని గుండీలిచ్చావు?”

“ఇరవై అయిదు. చుట్టుకొకటి కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చుకోమన్నాగా.”

“ఇరవై ఆరున్నాయి.”

మిషను ఆగిపోయింది. “అయ్యో తల్లీ! నా చెయ్యి పడిపోను!”

“ఇరవై అయిదు కాగానే ఆగమని అందరూ ఒకటే కేకలు. నన్ను హుషారు చేస్తున్నారనుకుని ఇంకా గట్టిగా పరిగెత్తా.”

“కొంప ముంచానే! ఇంతకీ ఎవరు గెలిచారు?”

“నా ఇరవై ఆరో చుట్టు అయ్యేసరికి, రెండో అమ్మాయి ఇరవై అయిదో చుట్టులోనే రొప్పుతోంది.”

ఆ మాట ఆయన బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది.

“అంటే...”

ఆమె ఎడమ జేబులోంచి పతకం తీసి కత్తెర పక్కన పెట్టింది. “పెద్ద పోటీకి పంపుతున్నారు. ఈసారి గుండీలు నేనే లెక్కపెట్టుకుంటాలే.”

“నోర్ముయ్,” అన్నాడాయన కళ్లు తుడుచుకుని, గుండీల డబ్బా మూత తీస్తూ. “నేనే పోస్తా. ఒకటెక్కువే పోస్తా.”