వేడెక్కని బల్బు

శృంగవరపుకోట దగ్గర కొండకింద ఊళ్లో పాత బల్బులు తీసుకుని ఎల్‌ఈడీ బల్బులు పంచుతున్న విక్టర్ దగ్గరికి మరిడమ్మ కొత్త బల్బు పట్టుకుని వచ్చింది.

“ఏటమ్మా, వెలగలేదా?”

“బాగానే వెలుగుతన్నాది బాబూ. ఇది ఉంచుకుని నా పాత బల్బు ఇచ్చేయండి.”

“అది కరెంటు తినేస్తాది. ఇదైతే వేడెక్కదు కూడా, పొద్దున్న సెప్పాను కదా!”

“నా మనవరాలు ఎనిమిదో నెలకే పుట్టేసింది. ఈ సలికి ఆ బల్బు వేడి కిందే పడుకోబెడతన్నాం. దీనికీ వేడుంటాదనుకుని మావోడు మార్సేశాడు.”

విక్టర్ గోనెసంచి వైపు చూశాడు. మళ్లీ ఎవరూ వాడకుండా అందులోని పాత బల్బులన్నీ మధ్యాహ్నమే తన చేత్తో పగలగొట్టాడు.

“ఊళ్లో ఇంకెవరింట్లోనైనా పాతది ఉంటాదేమో అడగమ్మా.”

“ఇల్లిల్లూ తిరిగే వచ్చాను బాబూ. అందరూ మీకే ఇచ్చేశారంట.”