చుస్పి పేగు చెప్పింది

అంటే ఆరేళ్లు నా పక్కన పడుకుని ఒక్క ముక్క చెప్పలేకపోయావా, ఎలియోదోరో?

తిను, తిను. పోయినవాళ్లు ఇంటికొచ్చే రోజని రొట్టెలు కాల్చాను, నీ మొక్కజొన్న కల్లు, ఆ చిచా పోసి పెట్టాను. కుర్చీ ఖాళీగా ఉందని ఊరుకుంటాననుకున్నావేమో. ఆ పప్పులేం ఉడకవు.

చుస్పి పోయింది. అదేనయ్యా, నీ కాళ్ల దగ్గర పడుకునే కుక్క. ఇరవై రోజులు దానికి విరేచనం లేదు, పొట్ట డోలులా ఉబ్బింది. పశువుల డాక్టరమ్మ వచ్చేసరికే ప్రాణం పోయింది. కోసి చూపించింది. అబ్బ, పెద్దపేగు నా చెయ్యంత లావుంది! పేగు గోడ చూస్తే ఉల్లిపొర. ఇది మట్టిగోడల్లో ఉండే వించుకా పురుగు పనట. కుట్టినచోటే రెట్ట వేస్తుందట. అందులోంచి ఒంట్లోకి పోయిన క్రిమి పేగు నరాల్ని తినేస్తుందట. నరం చచ్చాక పేగు దేన్నీ ముందుకు తోయలేదంది.

ఆవిడ మాట నేను వింటేగా? నీ పొట్టే కళ్ల ముందుంది. నీకూ అంతే కదయ్యా. వాయువన్నావు. నేనో పిచ్చిదాన్ని, ఎవరో చేతబడి చేశారని కోకా ఆకులు చల్లించి సోదె అడిగాను.

మర్నాడే ఆరోగ్య కేంద్రానికి పోయాను. నర్సమ్మ పాత పుస్తకం తీస్తే అందులో నీ పేరుంది. నీ రక్తంలో ఆ క్రిమి ఉందని, నువ్వు పోవడానికి ఆరేళ్ల ముందే చెప్పారట. ఇంటిల్లిపాదినీ తీసుకురమ్మన్నారట. ఆ రోజు సంతకెళ్లానన్నావు నాతో. గోడలకి మందు కొట్టేవాళ్లొస్తే, వంటింట్లో కూరకి పెంచుకునే గినీ పందులు చస్తాయని గుమ్మంలోంచే తరిమావు. నీ వెనకే నిలబడి నేనూ వంత పాడాను.

గినీ పందుల కోసం కాదులే. రోగిష్టివాడంటే పనికి పిలవరని నీ భయం. సరే, ఊరికి దాచావు. నాకెందుకు దాచావు? నమ్మించి గొంతు కోశావు కదయ్యా.

నా రక్తమూ తీశారు. ఉందట. ముసలి ఒళ్లు, పోతే పోనీ.

కానీ మన అమ్మాయి నికోలాసా సంగతి? ఈ గోడల మధ్యే పుట్టింది, ఈ గోడల మధ్యే పెరిగింది. దానికిప్పుడు నాలుగో నెల. తల్లికుంటే కడుపులో బిడ్డకీ రావచ్చట. పుట్టగానే చూసి మందిస్తే నయమవుతుందట. కూతుర్ని తీసుకురా అని నర్సమ్మ మరీ మరీ చెప్పింది.

అది నిన్న వచ్చింది, నీ రొట్టెలకి సాయం చేయడానికి. పిండి పిసుకుతూ అడిగింది, చుస్పి దేనితో పోయిందమ్మా అని.

దాని అత్త సంగతి నీకు తెలుసుగా. ఈ మాట చెవిన పడితే మళ్లీ దాన్ని ఆ ఇంటి గడప తొక్కనిస్తుందా?

ముసలితనం అన్నాను.