దివాకర్ గీసిన పరుగు

ఏందే సుహాసినీ, గట్ల మూతి ముడుచుకున్నవ్? జపానోళ్ళ బొమ్మల సిన్మా, గా అనిమేనా? రెండో భాగంల బొమ్మలు ఖరాబ్ చేసిన్రా? ఒళ్ళు కదల్తలేదు, పెదవులే కదుల్తున్నయా? ఊఁ. నువ్వు పైసలు కట్టి జూస్తున్నవా, ఫుకట్ల దొరికితె జూస్తున్నవా? నవ్వకు, తాత అడిగితె చెప్పాలె. సరే, కూసో. మా దివాకర్ సంగతి నీకు ఎరుక లేదు. గప్పటికి నువ్వు అంగన్‌వాడికి పోతుంటివి. గోపమ్మ కొడుకు. బడిల నా దగ్గరనే సదివిండు. లెక్కల నోట్‌బుక్ నిండ బొమ్మలే, నేను కొట్టని దినం లేకుండె. హైదరాబాద్‌ల బొమ్మల కంపెనీల పనిజేసి, తెలంగాణ వచ్చిన రెండేండ్లకు అచ్చంపేటకు మర్లొచ్చిండు. "సారూ, జపానోళ్ళ లెక్క మన పిల్ల కత నేనే గీస్త" అన్నడు. వలసవోయిన బాపును దేవులాడుకుంట ఉరికే పిల్ల కత. ఒక్క సెకండ్ ఉరకాలంటె పన్నెండు బొమ్మలట! జడ ఎగరాలె, మడిమెల కింద దుమ్ము లేవాలె. తిండి మర్శి గీసిండు. బడి హాల్ల తెర కట్టి, పది రూపాల టికెట్ పెట్టి ఆడిచ్చిండు. ఆ దుమ్ము జూసి ముందల కూసున్న ముసలోళ్ళు దగ్గిన్రు, ఒట్టు! "ఈ పైసలతోని ఇంకిద్దరు గీసెటోళ్ళను పెట్టుకుంట సారూ, రెండో భాగం ఇంకా మంచిగ వస్తది" అన్నడు.

మరి నేనేం జేసిన? నా శిష్యుడు గింతటోడని పది ఊర్లకు తెల్వాలె గద! ఇంట్ల జూసుకుంట అని వాని దగ్గర కాపీ దీసుకున్న. సీదా పోయి విజేందర్ సెల్‌ఫోన్ల దుకాణంల ఇచ్చిన. "వచ్చినోళ్ళ ఫోన్లల్ల ఎక్కియ్, పైసలు దీసుకోకు" అన్న. పెండ్లిల పాన్లు పంచినట్ల పంచిన. వారంల ఊరూరు జూసింది. నేను మీసాలు దువ్వుకుంట తిరిగిన. ఆ పై వారం వాడు కల్వకుర్తిల ఆట పెడితె పదకొండు మంది వచ్చిన్రు. "అది మా ఫోన్లనే ఉన్నదన్నా" అన్నరట.

వాడు నన్ను ఒక్క మాటనలే. "పోనీ సారూ, అందరు జూసిన్రు గద" అన్నడు. రెండో భాగం ఒక్కడే గీసిండు. పన్నెండు బొమ్మల జాగల మూడు. పిల్ల ఉరకది, నిలవడి మాట్లాడతది, ఎనక చెట్లు జరుగుతయి. జనం ఊకుంటరా? "ఏం దివాకరూ, పిల్లకు కాళ్ళు గుంజుతున్నయా?" అని మొకం మీదనే. అన్నోళ్ళల్ల టికెట్ కొన్నోడు ఒక్కడు లేడు. ఒకనాడు నా తాన కూసోని, "ఉరికిచ్చుడు రాక కాదు సారూ" అన్నడు. గంతే. మూడో భాగంల పిల్లకు బాపు దొరకాలె. నాలుగు పైసలు జమయితె పూర తీరుగ గీస్త అని బోరుబండి మీద పనికి పోయిండు. ఆడనే డెంగీ వట్టింది. పాలమూరు దవాఖానల నాలుగు దినాలు ఉండి పోయిండు. ఇరవై ఏడేండ్లు, బిడ్డా. గోపమ్మ ఇప్పటికి బజార్ల కనవడితె అడుగుతది, "సారూ, ఆ పిల్లకు బాపు దొరికిండా?" అని. "దొరికిండమ్మా, నీ కొడుకే నాకు చెప్పిండు" అంట నేను. అబద్ధం. వాడు నాకేం చెప్పలే.

ఏందీ? మొదటి భాగమా? ఉన్నది, నా ఫోన్లనే ఉన్నది. నీకు పంపాల్నా? నీ సోపతిగాళ్ళకు సుత పంపుతవా?

ఆగు, ఆ ఫోన్ ఆడనే ఉండనీ.

జర ఆ కిటికి తెరువ్ బిడ్డా. ఉక్కపోస్తాంది.