ఐదు టిక్కులు

ఇంటి పక్క రేకుల షెడ్డు. తమ్ముడు ఏడేళ్లుగా సొంతంగా కట్టుకుంటున్న కారు వెనక చక్రాలు గాల్లో ఉన్నాయి. అతను కింద పడుకుని ఉన్నాడు, పొద్దున బస్సు దిగిన అక్క పైన స్టీరింగు ముందు కూర్చుంది. పలకరింపులు పూర్తి కాకముందే ఆమెను హ్యాండ్‌బ్రేకు లాగి టిక్కులు లెక్కపెట్టే పనిలో పెట్టేశాడు మహానుభావుడు.

“లాగు.”

“లాగాను.”

“ఎన్ని టిక్కులు?”

“ఐదు. ఇందాకా ఐదే, అంతకుముందూ ఐదే. ఒరేయ్, నాలుగింటికి నా బస్సు.”

“తెలుసక్కా. వదులు, చక్రం తిప్పి చూస్తాను... ఊహూఁ. ఎక్కడో లూజుంది.”

“లూజు నీ బుర్రలో ఉంది. అసలు ఈ కేబుల్ని ఏం చేశావు?”

“పాత వ్యానుది. మన కారు పొట్టిది కదా, అందుకని జానెడు కోశాను.”

“కోసి?”

“లోపలి తీగ కోశాను. పైన తొడుగు కొయ్యడం మర్చిపోయాను.”

“మర్చిపోయావా! తీగ పొట్టిదై తొడుగు పొడుగైతే, చివర తగిలించడానికి ఏం మిగుల్తుందిరా?”

“ఏం మిగల్లేదు. అందుకే నిన్న తొడుగు కూడా కోశాను.”

“ముప్పై ఏళ్లు హాస్టల్లో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పాను. లంగా పొడుగు తగ్గించి లోపలి లైనింగు మర్చిపోయిన మొద్దు ఒక్కతీ లేదు.”

“నాకు నేర్పలేదుగా.”

“నువ్వు ఒకచోట కూర్చుంటే కదా! లాగనా?”

“ఉండు, నట్టు సగం చుట్టు తిప్పి... ఆఁ, లాగు.”

“ఐదు.”

“ఊఁ.”

“ఊఁ ఏమిటి? మంచిదా, చెడ్డదా?”

“చూద్దాం. వదులు.”

“అవునూ, పక్క సీటేదిరా?”

“పెట్టలేదు.”

“అది కనిపిస్తూనే ఉంది. ఎందుకు పెట్టలేదంటున్నా.”

“ఎవరు కూర్చుంటారని? పనిముట్ల పెట్టె పెట్టుకుంటాను అక్కడ. అక్కా? ఉన్నావా?”

“ఎక్కడికి పోతాను, ఈ పిడి పట్టుకోమన్నాక.”

“హాస్టలు గది ఎన్నాళ్లు ఉంచుకోవచ్చన్నారు?”

“నిన్నే ఇచ్చేశాను. రిటైరైన మనిషికి గది ఎందుకిస్తారు? రెండు పెట్టెలు, కుట్టుమిషను. బస్టాండులో సామాన్ల గదిలో పడేసి వచ్చాను.”

“బస్టాండులోనా?”

“మరెక్కడ పెట్టను? ఎలాగూ సాయంత్రం బస్సెక్కాలిగా.”

“ఎక్కి, ఎక్కడికి?”

“సంగీతం టీచరు లేదూ, మా హాస్టల్లో పాటలు నేర్పేది? ఆవిడ దగ్గరికి. వాళ్ల మేడ మీద గది ఖాళీగా ఉందిట. నువ్వొస్తే పరదాలు కుట్టుకుందాం, రా రా అని ఒకటే గోల.”

“మంచిదేగా.”

“మంచిదే.”

“తోడుంటుంది.”

“ఉంటుంది. తోడంటే ఏమిటో నీకేం తెలుసులే, ఇనుముతో కాపురం చేసేవాడివి.”

“లాగు.”

“ఐదు! వెనక గది నిండా ఇంకా ఆ గేరుబాక్సులేనా?”

“అవే. ఏం?”

“ఏం లేదు. అమ్మ గది కదా, అడిగాను.”

“ఖాళీ చెయ్యాలంటే ఒక్క పూట పని.”

“చెయ్యమని ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు.”

“అయితే అలాగే ఉంచు.”

“అమ్మ పోయినప్పుడూ ఇంతే. వారం తిరక్కుండా పెట్టె సర్దుకున్నావు.”

“ఉండమని ఒక్క మాట అన్నావా నువ్వు?”

“ఉంటానని నువ్వన్నావా?”

“నేనెలా అంటానురా? ఇల్లు నీది. పిలవకుండా వచ్చి పడిందని నువ్వనుకుంటే?”

“నేను మాత్రం ఎలా అంటాను? అంత ఉద్యోగం వదిలేసి ఈ రేకుల కిందికి రా అంటే, నవ్వుతావనుకున్నాను.”

“నవ్వేదాన్నే. నవ్వి, ఉండిపోయేదాన్ని. ఏరా, ఏం చేస్తున్నావు కింద?”

“కంట్లో తుప్పు పడింది.”

“తుడుచుకో. ఒరేయ్, ఆ గ్రీజు చేత్తో కాదు! గుడ్డ ఉందా?”

“ఉంది. టైమెంత?”

“మూడుంపావు. ఇక దిగుతాను, బస్టాండుకి అరగంట నడక.”

“ఒక్కసారి. ఒక్కసారి లాగక్కా. కేబుల్ పిన్ను తీసి మళ్లీ పెట్టాను.”

“మళ్లీ విప్పావా? ఇది మూడోసారి. బాగున్నదాన్ని పట్టుకుని విప్పుతావేమిటి?”

“సంగీతం టీచరుతో ఎప్పుడు మాట్లాడావు?”

“నిన్న. ఫోన్లో.”

“నిన్ననా?”

“నిన్నే. త్వరగా రమ్మంది. ఏం, అలా అడుగుతున్నావు?”

“పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే నాకు ఫోన్ చేశావు. ఎంతసేపటికీ మాట లేదు, ఏడుపే. సంగీతం టీచరు పోయిందిరా, ఇక్కడ నాతో మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరురా అన్నావు.”

“నీకు చెప్పానన్న సంగతే మర్చిపోయాను.”

“మరి ఆ నాలుగింటి బస్సు ఎక్కడికి వెళ్తుంది?”

“నాకూ తెలీదురా. నాలుగింటికి ఏదో ఒకటి ఉండకపోతుందా అనుకున్నాను. ఇది లాగనా? ఆ లూజు పోయిందో లేదో చూడు.”

“లూజేం లేదక్కా. పొద్దున నువ్వు మొదటిసారి లాగినప్పుడే బ్రేకు కుదిరింది.”