బుచ్చివర్తి గారి అసలు పేరు

"అమ్మమ్మా, ఈ గిటారు పేరు ఎలా పలకాలి?"

ఏదీ, ఇటు తిప్పు. ఆ తల మీద బంగారు రంగు అక్షరాలేగా నువ్వడిగేది? బి, యు, సి, హెచ్... తర్వాత డబ్ల్యూ, ఏ, ఆర్, టి. పాపం, ఒక్క అక్షరం కూడా రాలలేదు చూడు. ఎలా పలకాలంటే ఏం చెప్పనే తల్లీ, ఈ ఇంట్లో ఆ పేరు అందరూ ఒకేలా పలికిందెప్పుడని? ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా మాట నాకే వినపడటం లేదు. ఆఁ, చాలు.

ఇది మద్రాసు నుంచి వచ్చింది. మీ తాతయ్య వాళ్ళ తమ్ముడి పెళ్ళికని వెళ్ళారు. నేను వెళ్ళలేదు, మీ అమ్మ కడుపులో ఉంది... కాదు కాదు, మీ అమ్మ కాదు, మీ పెద్దమావయ్య. నాకు చీర తెస్తానని చెప్పి వెళ్ళిన మనిషి ఇది భుజాన వేసుకుని బస్సు దిగారు. పాత సామాన్ల కొట్లో కనపడిందట. చీరేదండీ అని నేనడిగితే, ముందు ఇది విను అని అరుగు మీద కూర్చుని ఒక్క తీగ మీటారు. ఒక్కటేనే. వాన వెలిశాక చూరులోంచి చివరి చుక్క గాబులో పడుతుంది చూడు, అలా ఉంది ఆ చప్పుడు. ఇంక చీర మాట నేనెత్తలేదు.

అప్పుడు ఆయనకి మన ఊళ్ళోనే, కోనేరు సెంటర్లో టైలరు షాపు ఉండేది. కోట్లు బాగా కుట్టేవారని పేరు. అప్పటి కుట్టుకూలికి ఇప్పుడు గుండీలు కూడా రావనుకో. ఎంతసేపూ మాటలే, కొలతలు తీసేటప్పుడు కూడా మాటలే. మెడకి టేపు చుట్టి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేవారు.

మీ తాతయ్య స్నేహితుడు కరీం అన్నయ్యని నువ్వు చూడలేదు. పెడనలో కలంకారీ అద్దకం పని చేసేవాడు. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎర్రరంగు ఉండేది, ఎంత రుద్దినా పోయేది కాదు. గొంతు మాత్రం... ఏం గొంతులే అది. నన్ను చెల్లెమ్మా అనేవాడు, అందుకని మీ తాతయ్య బావ అయ్యారు. అన్నయ్య పాడటం, ఈయన వాయించటం. క్రిస్మస్‌కి మన చర్చిలో, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళకి. పామర్రు, గుడివాడ, అటు అవనిగడ్డ దాకా వెళ్ళేవాళ్ళు.

ఒకసారి ఉయ్యూరులో పెళ్ళి. చెరుకు రైతులు, బాగా ఘనంగా చేశారు. మైకు పట్టుకున్నాయన గిటారు మీద పేరు కూడా చెబితే గొప్పగా ఉంటుందనుకున్నాడు. తీరా అక్షరాలు చూసేసరికి నోరు తిరగలేదు. ఇదిగో శ్రీ బుచ్చివర్తి గారి గిటారు అనేశాడు. పాట అయ్యాక పెళ్ళికొడుకు వాళ్ళ పెద్దాయన ఒకాయన వచ్చి, ఈ బుచ్చివర్తి గారు ఎవరి తాలూకండీ, ఏ ఊరు అని మర్యాదగా అడిగాడు. కరీం అన్నయ్య నవ్వలేక కడుపు పట్టుకుని వెళ్ళి డేరా వెనక కూర్చున్నాడట.

అప్పట్నించీ ఇది బుచ్చివర్తి గారే. మీ తాతయ్యకి మాత్రం నచ్చేది కాదు. ఒకళ్ళు బుచ్‌వార్ట్ అంటారు, ఒకళ్ళు బక్‌వర్ట్ అంటారు, ఇన్నాళ్ళూ ఒళ్ళో పెట్టుకున్నాను, దీని పేరు నాకు తెలియకపోవటం ఏంటి సుగుణా అనేవారు. నిజంగానే బాధపడేవారే. మనిషి పేరు తెలియకుండా కాపురం చేస్తున్నట్టు ఉంటుందట.

తర్వాత ఎప్పుడో పెడనకి అద్దకం గుడ్డలు కొనటానికి జర్మనీ ఆవిడ ఒకావిడ వచ్చింది. కరీం అన్నయ్య బేరం పక్కనపెట్టి, గుడ్డముక్క మీద ఆ అక్షరాలు కలంతో రాసి చూపించాడట. ఆవిడ చదివి చెప్పింది, బూఖ్‌వార్ట్ అని. ఆ ఖ ఉంది చూశావూ, అది మనం ఖర్చులో పలికే ఖ కాదు, గొంతు లోపల రాసుకుంటూ రావాలి. అన్నయ్యకి వాళ్ళింట్లో ఉర్దూలో చిన్నప్పట్నించీ పలికే అక్షరమే అది, ఇట్టే వచ్చేసింది. మీ తాతయ్యకి రాదే! బూకు అంటారు, బూహు అంటారు. పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ కూడా అదే సాధకం. రోడ్డున వెళ్ళేవాళ్ళు ఆగి, మాస్టారికి ఒంట్లో బాగాలేదా అమ్మా అని నన్నడిగేవాళ్ళు. ఎన్నేళ్ళు ప్రయత్నించారో గానీ రాలేదు. సరే, వదిలేశారు.

ఏం చెబుతున్నాను... ఆఁ. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, మీ అమ్మ పెళ్ళి కూడా అయిపోయింది, షాపులో గుడ్డ కత్తిరిస్తుంటే చేతిలో కత్తెర జారిపోయింది. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది, మాట కూడా పోయింది. కాలు కొంచెం కొంచెం తిరిగొచ్చింది, మాటే రాలేదు. ఏదో ఒకటి మాట్లాడించమ్మా అని డాక్టరు గారు చెప్పారు. నీళ్ళనండి, అన్నమనండి, సుగుణ అనండి అని నేను కూర్చునేదాన్ని. ఆయన ఏదో అనబోతే ఇంకేదో వచ్చేది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. కొన్నాళ్ళకి నేను మంచం దగ్గరికి వస్తుంటేనే గోడవైపు తిరిగిపోయేవారు. అంత మాటకారి మనిషి. ఇంక ఈ గొంతు నేను వినననే అనుకున్నాను. ఇంట్లో గడియారం చప్పుడు కూడా అప్పుడే తెలిసింది నాకు.

కరీం అన్నయ్య శుక్రవారం నమాజు చేసుకుని బస్సెక్కి వచ్చేవాడు. మాట్లాడమని ఎప్పుడూ అడగలేదు. పక్కన కూర్చుని, గిటారు దించి, తీగలు సవరించి మళ్ళీ పెట్టేసేవాడు. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది, సముద్రం గాలి చల్లగా వస్తోంది, నేను గుమ్మంలో పప్పు ఏరుకుంటున్నాను. అన్నయ్య తువ్వాలుతో గిటారు తుడుస్తూ తనలో తను అనుకున్నట్టు, "మన బక్కవర్తికి బాగా దుమ్ము పట్టింది బావా" అన్నాడు. కావాలని అన్నాడో, నోరు జారాడో ఇప్పటికీ నాకు తెలియదు.

మంచం మీంచి వినపడింది. "బూఖ్."

నేను తలెత్తాను. మీ తాతయ్య ఇటు తిరిగి ఉన్నారు. నుదురు ముడిచి, కోపంగా, తప్పు కుట్టిన కుర్రాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. "బూఖ్... వార్ట్."

ఆ ఖ గొంతు అడుగునుంచి వచ్చిందే! ఉప్పునీళ్ళకి రానిది అప్పుడొచ్చింది.

అన్నయ్య ఆయన మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "సరిగ్గా అన్నావు బావా. నాకన్నా బాగా అన్నావు" అని ఏడ్చేశాడు. నేను మంచినీళ్ళు తేవటానికి లేచి, వంటింట్లోకి వెళ్ళి, ఉత్తచేతుల్తో తిరిగొచ్చాను.

ఆ తర్వాత ఒక్కొక్క మాటా వచ్చింది. కరీం అన్నారు, కాఫీ అన్నారు. నా పేరు చాలా వెనకొచ్చింది, నాకు కొంచెం రోషం కూడా వచ్చిందిలే. కుడిచెయ్యి మాత్రం రాలేదు, షాపు తీసేశాం. ఎడమచెయ్యి శుభ్రంగా ఉండేది. అందుకని మంచం మీద పక్కపక్కన కూర్చుని, ఆయన ఎడమచేత్తో తీగలు నొక్కితే నేను కుడిచేత్తో మీటేదాన్ని. నాకేం వచ్చు? పైనుంచి కిందకి, కిందనుంచి పైకి, అంతే. ఆయన వేళ్ళు జరిగితే నా చేతికింద పాట మారిపోయేది. అన్నయ్య పాడేవాడు. కళ్ళు మూసుకుంటే మీటే చెయ్యి నాదో ఆయనదో తెలిసేది కాదు. అలా చాలా సాయంత్రాలు గడిచాయి. ఇప్పుడు ఇద్దరూ లేరు.

ఏంటీ? ఫోన్లో కంపెనీ వాళ్ళే బక్‌వర్ట్ అంటున్నారా? ఎవరో జర్మనీ తాత అమెరికా వెళ్ళి పెట్టిన కంపెనీనా? అక్కడివాళ్ళ నోట్లో అలా అరిగిపోయిందన్నమాట. పోనీలే, ఇంటి పేరు వాళ్ళది, వాళ్ళ ఇష్టం. నువ్వు కూడా నీ నోటికి ఎలా వస్తే అలా అను.

ఇటు రా, దగ్గరగా కూర్చో. నాకు ఎడమచేతి పని రాదు, అది నువ్వు చూసుకో, నేను మీటుతాను. వేళ్ళు మండుతున్నాయా? మొదట్లో మండుతాయమ్మా, తర్వాత చర్మం గట్టిపడుతుంది. నూరేళ్ళు చల్లగా ఉండు. ఆఁ, అక్కడ... ఇంకొంచెం గట్టిగా నొక్కు...