పెరిత మొక్కకు జాగ

దబీర్‌పురా స్టేషన్ పక్క చాయ్ హోటల్లో శ్రీపాద పంతులు మేస్త్రీ మొగులయ్యను పట్టుకొని వదలడం లేదు. రేపు పంతులింటి వాకిలంతా సిమెంటు చెయ్యాలి. బురద కడిగి కడిగి విసిగిపోయిన ఆయన భార్య రమాబాయమ్మ, పిడికెడు మట్టి కూడా మిగలొద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పింది. ఆ మట్టిలోనే పంతులు ప్రాణంగా పెంచుకుంటున్న పెరిత మొక్క ఉంది. దాని జోలికి ఎవర్నీ రానిచ్చేది లేదని ఆయన పంతం. భార్యకు ఎదురు చెప్పే ధైర్యం మాత్రం లేదు. అందుకే మేస్త్రీకి చాయ్ మీద చాయ్ తాగిస్తున్నాడు.

"మొగులన్నా, గది మామూలు చెట్టనుకుంటున్నవా? శేషాచలం బండల నడుమ పుట్టే జాతి. నర్సరీకెల్లి తెచ్చిన. చూస్తే ఈతచెట్టు లెక్కుంటది గని, ఏడాది పొడుగూత పచ్చగనే ఉంటది. మొన్న ఎండకాలం నెల దినాలు చుక్క నీళ్లు పొయ్యలే. ఏమన్నయిందా? ఏం కాలే!"

"నెల దినాలా!" అన్నాడు పక్క బల్ల మీది ఆటో ఓదెలు.

అంతే, పంతులు గొంతు లేచింది. "నెలేంది, మూడేండ్లు! ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? నల్లా బందయింది, గల్లీ మొత్తం బిందెల లొల్లి, నేను పోయి ఒక్క ఆకు వంచిన భాయ్, బిందెడు నీళ్లు కారినయ్! గల్లీకంత తాపిన. ఒక్కో ఆకు నీడల పది ఆటోలు నిలవడ్తయ్."

"నా ఆటో ఎన్నడు నిలవెట్టలేదే?"

"నీకు జాగ దొరకలే. మస్తు రష్షు. ఇగ వేర్లంటవా, ఆడెక్కడో బార్కస్‌ల జామచెట్టు ఊగిందంటే కింద మా పెరిత వేరు కదిలినట్టే! మా వాకిట్ల ఏనుగంత బండ ఉండె. దాన్ని రెండు ముక్కలు చేసుకొని పైకొచ్చింది!"

మొగులయ్య గ్లాసు కింద పెట్టాడు. "అంత బండను పగలగొట్టిందా సామీ?"

"అప్పడం లెక్క!"

"ఇగ నాకు ఫికర్ లేదు. రెండంగుళాల సిమెంటు దానికేం లెక్క? మీదికెల్లే పోసేస్త. అదే పగలగొట్టుకొని వస్తది."

ఓదెలు పక్కున నవ్వాడు. పంతులు ముఖం మాడిపోయింది. గొంతు తగ్గించాడు.

"వద్దు మొగులన్నా. మోకాలంత గూడ లేదది. ఏడేండ్లకు ఐదే ఆకులు. నీళ్లెక్కువైతే కుళ్లుతదని భయం, పొయ్యకుంటే నాకే మనసున పట్టదు. దానికింత జాగ ఇడువు. రమకు నేనే చెప్త, ఈ పొద్దే చెప్త."

"ఎంత జాగ?"

పంతులు రెండు చేతులూ బారెడు చాపాడు. మొగులయ్య ఆ చేతులు పట్టుకొని, దగ్గరికి జరిపి జరిపి, మూరెడు మిగిలాక ఆపాడు.